సంక్రాంతి సెలవులకి గుంటూరు నుంచి గోవా, అమ్మానాన్న పిల్లలతో. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి?

బ్రాడీపేట_4వలైన్:

అందరికీ నమస్తే. ఈసారి సంక్రాంతి సెలవుల్లో గోవా వెళ్దాం అని ఇంట్లో గట్టిగా అనుకున్నాం. మొత్తం ఆరుగురం, నేను, మా ఆవిడ, పాప ఆరో క్లాసు, బాబు రెండో క్లాసు, ఇంకా మా అమ్మానాన్న. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు రోజూ వేస్కోవాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పిల్లలకి సముద్రం అంటే ఇప్పటిదాకా సూర్యలంకే, అక్కడే పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళలోంచి బయటికి రారు.

ఆఫీసులో వాళ్ళని అడిగితే అందరూ బాగా బీచ్, కలంగూట్ బీచ్ అంటున్నారు కానీ వాళ్ళంతా ఫ్రెండ్స్‌తో వెళ్ళొచ్చినవాళ్ళే, ముసలివాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఒక్కరు లేరు. ట్రైన్ మంచిదా ఫ్లైట్ మంచిదా, ఏ బీచ్ దగ్గర రూమ్ తీస్కోవాలి, అమ్మకి శాకాహారం దొరుకుతుందా, అక్కడ ఓలా ఊబర్ ఉంటాయా, అసలు జనవరిలో సముద్రం పిల్లలకి సేఫేనా. ఇంకోటి, పండగ మూడు రోజులూ ఇంట్లోనే ఉండాలి అని అమ్మ పట్టు. ఫ్యామిలీతో వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పటమట_అక్క:

తమ్ముడూ, ముందు ఒక్క మాట పెట్టుకో, గోవా అంటే ఒకే ఊరు కాదు. పైన నార్త్ గోవా, కింద సౌత్ గోవా, మధ్యలో పణజి. మీ ఆఫీసు వాళ్ళు చెప్పే బాగా, కలంగూట్ నార్త్‌లో ఉంటాయి, జనవరిలో అక్కడ రోడ్డు మీద బండి కదలదు, రాత్రి పాటలు ఆగవు, మీ నాన్నగారు నిద్రపోలేరు. మీలాంటి కుటుంబానికి సౌత్ గోవానే. కోల్వా, బెనాలిం, వర్కా అన్నీ మడ్గావ్ పక్కనే, ఒకే పొడుగాటి ఇసక తీరం మీద వరసగా ఉంటాయి. మడ్గావ్ స్టేషన్లో దిగితే కోల్వాకి ఎంతోసేపు పట్టదు. కోల్వాలో కొంచెం జనం, షాపులు, హోటళ్ళు ఉంటాయి, బెనాలిం అయితే ఇంకా ప్రశాంతం. ఇంకా కిందకి పోతే పాలోలిం ఉంది, చంద్రవంక మాదిరి వంపు తిరిగిన బీచ్, అలలు కూడా నెమ్మదిగానే ఉంటాయి, అందంలో దాన్ని మించింది నాకు తెలిసి గోవాలో లేదు. కానీ అది మడ్గావ్ నుంచి బాగా దూరం, అక్కడ ఉండి ఓల్డ్ గోవా, గుళ్ళు తిరగాలంటే మీ నాన్నగారికి రోజంతా కారులోనే సరిపోతుంది. ఒక పూట వెళ్ళి చూసిరండి చాలు.

రూమ్ తీస్కునేటప్పుడు ఫోటోలు చూసి మోసపోవద్దు, "బీచ్‌కి దగ్గర" అని అందరూ రాస్తారు. మ్యాప్ తెరిచి హోటల్ గేటు నుంచి ఇసక దాకా నడక ఎంతో నువ్వే కొలుచుకో. కింద ఫ్లోర్ రూమ్ లేకపోతే లిఫ్ట్ ఉందా అని ఫోన్ చేసి అడుగు, చాలా చోట్ల పాత ఇళ్ళనే గెస్ట్ హౌస్‌లు చేశారు, మెట్లు నిటారుగా ఉంటాయి. వెస్ట్రన్ టాయిలెట్, వేడినీళ్ళు కూడా అడుగు. అందరి ఆధార్ కార్డులు ఒరిజినల్ పెట్టుకో, పిల్లలవి కూడా.

పండగ విషయం అంటావా, కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు మనవాళ్ళు, అమ్మ ఒప్పుకోదులే. ముక్కనుమ దాటాక బయల్దేరండి. స్కూలు రెండు మూడు రోజులు పోయినా సెకండ్ క్లాసు, సిక్స్త్ క్లాసే కదా. పైగా న్యూ ఇయర్ రద్దీ తగ్గి రేట్లు కూడా కాస్త దిగుతాయి. జనవరి అంటే వాన భయం ఉండదు, రాత్రుళ్ళు చల్లగా హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండ మాత్రం మన ఎండే, 12 నుంచి 4 దాకా ఎవరినీ ఇసక మీద ఉంచొద్దు.

రైలుబండి_బెజవాడ:

ట్రైనే ఎక్కండి సార్, రెండో ఆలోచన వద్దు. మన గుంటూరు మీదగానే గోవాకి డైరెక్ట్ బండి ఉంది, అమరావతి ఎక్స్‌ప్రెస్, నంబర్ 18047, కోల్‌కతా పక్కన షాలిమార్ నుంచి గోవాలో వాస్కోడగామా ఊరు దాకా. విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్, బళ్ళారి, హుబ్లీ మీదగా పోతుంది. కానీ జాగ్రత్తగా వినండి, ఇది వారానికి నాలుగు రోజులే. ఇదే అమరావతి పేరుతో 17225 అని ఇంకో బండి ఉంది, నర్సాపూర్ నుంచి హుబ్లీ, అది రోజూ తిరుగుతుంది కానీ హుబ్లీలో ఆగిపోతుంది. పేరు చూసి ఇది బుక్ చేస్తే హుబ్లీలో దిగి బస్సు పట్టుకోవాలి, ఘాట్ రోడ్డు, పిల్లలకి వాంతులు. కాబట్టి పేరు కాదు నంబర్ చూడండి. తిరుగు బండి 18048.

టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఓపెన్ అవుతున్నాయి, 2024 నవంబర్ నుంచి ఈ రూల్, అంతకుముందు 120 రోజులుండేది. మీరు ముక్కనుమ తర్వాత అంటే నవంబర్ నడిమిలో బుకింగ్ ఓపెన్ అవుతుంది, పొద్దున 8 గంటలకి కూర్చోండి. పోయేటప్పుడు కంటే వచ్చేటప్పుడు కష్టం, సీజన్లో గోవా నుంచి అన్ని బళ్ళూ నిండిపోతాయి, అందుకని ముందు తిరుగు టికెట్ దొరికే తేదీ చూసుకుని దాన్నిబట్టి పోయే తేదీ పెట్టుకోండి.

అమ్మగారికీ నాన్నగారికీ కలిపి విడిగా ఒక టికెట్ తియ్యండి. సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా ఒక్కరికి లేదా ఇద్దరికే పనిచేస్తుంది, ఆరుగురినీ ఒకే టికెట్లో వేస్తే ఆ కోటా రాదు, అప్పుడు మోకాళ్ళ నొప్పులాయన పై బెర్త్ ఎక్కాల్సొస్తుంది. ఛార్జీలో రాయితీ అయితే 2020 నుంచి లేదు, బెర్త్ కోటా మాత్రం ఉంది, చాలామందికి ఈ తేడా తెలీక అసలు ట్రై చెయ్యరు.

ఇక ఆ దారి గురించి చెప్పకుండా ఉండలేను. కర్ణాటక దాటి క్యాసిల్ రాక్ వచ్చాక కులెం దాకా బ్రగాంజా ఘాట్ అంటారు, పడమటి కనుమల్లోంచి బండి కిందకి దిగుతుంది. వాలు 1:37, అంటే ప్రతి 37 అడుగులకి ఒక అడుగు కిందకి, అందుకే చాలా నెమ్మదిగా దింపుతారు. సొరంగాలు, కింద లోయ, మధ్యలో దూద్‌సాగర్ జలపాతం ముందు నుంచే బ్రిడ్జి మీద పోతుంది. ఎత్తు 310 మీటర్లు. వానాకాలం అయ్యాక చూడాలి దాన్ని, జనవరికి నీళ్ళు బాగా తగ్గిపోతాయి, అయినా పిల్లలు ఆ ఘాట్‌ని జన్మలో మర్చిపోరు. తలుపు దగ్గర మాత్రం నిలబడనివ్వకండి. జలపాతం దగ్గర బండి స్లో అయితే కొందరు దిగేస్తారు, అక్కడ దిగడం నిషేధం, పట్టుకుంటారు.

కోల్వా, బెనాలింలో రూమ్ అయితే వాస్కో దాకా పోకండి, మడ్గావ్‌లో దిగిపోండి. ఒకవేళ హైదరాబాద్ వెళ్ళి ఫ్లైట్ ఎక్కుతాం అనుకున్నా సరే, గోవాకి రెండు ఎయిర్‌పోర్టులు, పాతది డాబోలిం, 2023 జనవరిలో మొదలైంది మోపా. మోపా రాష్ట్రానికి ఉత్తరం చివర ఉంది, చవగ్గా వచ్చిందని మోపాకి టికెట్ తీసి కోల్వాలో రూమ్ తీస్కుంటే మిగిలిన డబ్బు టాక్సీకే పోతుంది.

సూర్యలంక_గాలి:

బ్రదర్, పిల్లలకి సముద్రం సేఫేనా అని ఒక్క ముక్కలో అడిగారు, దానికే నేను ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి. మాది బాపట్ల పక్క ఊరు. ప్రతి కార్తీకమాసంలో, ప్రతి ఎండాకాలంలో సూర్యలంకలో ఎవరో ఒకరి పిల్లలు పోతూనే ఉంటారు, గుంటూరు నుంచి, బెజవాడ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు. అందులో ఈత వచ్చినవాళ్ళూ ఉంటారు. కృష్ణలోనో కాలవలోనో ఈత నేర్చుకున్నవాళ్ళకి సముద్రం అంటే భయం ఉండదు, అదే వాళ్ళని తీసుకుపోతుంది.

గోవా అయినా బాపట్ల అయినా ప్రమాదం ఒకలాగే వస్తుంది. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా, అవి అన్నిచోట్లా సమానంగా పోవు, ఏదో ఒక సందులోంచి జోరుగా పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. పైనుంచి చూస్తే అటూ ఇటూ అలలు విరుగుతుంటాయి, ఆ సందులో మాత్రం అల విరగదు, నీళ్ళు నిమ్మళంగా, కొంచెం ముదురు రంగులో కనిపిస్తాయి, నురగ లోపలికి పోతుంటుంది. మనవాళ్ళు ఇక్కడ అలలు లేవు పిల్లలకి బాగుంటుంది అని సరిగ్గా అక్కడే దింపుతారు. దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి, పాపకి కూడా చెప్పండి, ఆరో క్లాసు పిల్లకి బాగానే అర్థమవుతుంది.

ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఈదకూడదు. నిండా పారే కాలవలో ఎదురీదినట్టు ఉంటుంది, చేతులు అలిసిపోతాయి కానీ ఒక్క గజం రాం. వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి అరవాలి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, ఆ పాయ వెడల్పు తక్కువే ఉంటుంది, పక్కకి రాగానే లాగుడు తగ్గిపోతుంది, అప్పుడు అలలతోపాటు ఒడ్డుకి రావచ్చు. ఇంకోటి, పిల్లాడు కొట్టుకుపోతున్నాడని తండ్రి దూకేస్తాడు, అలా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం. లైఫ్‌గార్డుని పిలవాలి, చేతికి దొరికిన ట్యూబో ఖాళీ నీళ్ళ క్యానో విసరాలి.

ఈ విషయంలో గోవా మన తీరం కంటే చాలా నయం. అక్కడ ప్రధాన బీచ్‌లలో లైఫ్‌గార్డుల టవర్లు ఉంటాయి, జీపులో తిరుగుతుంటారు, జెండాలు పాతుతారు. ఎరుపు పసుపు కలిసిన జెండాలు రెండింటి మధ్య వాళ్ళు చూస్తుంటారు, అక్కడే దిగాలి. ఒట్టి ఎర్రజెండా ఉంటే కాళ్ళు కూడా తడుపుకోవద్దు. సాయంత్రం వాళ్ళ డ్యూటీ అయిపోతుంది, సూర్యుడు దిగాక నీళ్ళలో ఒక్కరు ఉండకూడదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అయితే అసలు దిగనివ్వరు. జనవరిలో అరేబియా సముద్రం శాంతంగానే ఉంటుంది, కానీ రెండో క్లాసు బాబుకి మోకాళ్ళు దాటిన నీళ్ళు వద్దు, పెద్దవాళ్ళ చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. మీరు ఫోన్లో వీడియో తీస్తుంటే బాబుని చూసే మనిషి ఇంకొకరుండాలి.

జెల్లీఫిష్ గురించి కూడా, అది తగిలి దద్దురు మండితే రుద్దకండి, మంచినీళ్ళు పొయ్యకండి, సముద్రం నీళ్ళతోనే కడిగి లైఫ్‌గార్డు దగ్గరికి తీసుకెళ్ళండి. అంజునా, వాగటోర్ వైపు వెళ్తే రాళ్ళ మీద నిలబడి సెల్ఫీలు వద్దు, అల ఎప్పుడొస్తుందో తెలీదు, రాయి నాచుపట్టి ఉంటుంది.

గోలచెయ్యి:

అందరూ భలే భయపెడుతున్నారు 😀 గోవా పోయి బాగా బీచ్ చూడకపోతే ఇంకెందుకు బ్రో, పారాసెయిలింగ్, బనానా రైడ్, నైట్ మార్కెట్ అన్నీ అక్కడే. ఒక్క రోజైనా నార్త్ పెట్టుకోండి, పిల్లలు ఎంజాయ్ చేస్తారు.

పణజిలో_తెనాలి:

నేను తెనాలి, ఉద్యోగం ఇక్కడే పణజిలో. పైన తమ్ముడు చెప్పినట్టు ఒక రోజు నార్త్ చూడొచ్చు, తప్పేం లేదు, కానీ వాటర్ స్పోర్ట్స్‌కి ఒడ్డున చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళతో వెళ్ళొద్దు. అయిదు రైడ్లు ప్యాకేజీ అంటారు, బోటు ఎక్కాక ఒక్కోటి నిమిషంలో ముగించేస్తారు. ఏ రైడ్ ఎంతసేపు, మొత్తం ఎంత, లైఫ్ జాకెట్ పిల్లల సైజుది ఉందా, ఈ మూడూ డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి. జాకెట్ వదులుగా ఉంటే బాబుని ఎక్కించకండి, నీళ్ళలో పడితే జాకెట్ పైకి జారిపోతుంది.

ఓలా ఊబర్ గోవాలో లేవు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళు స్టేషన్ బయట బిత్తరపోతారు. గోవామైల్స్ అని యాప్ ఉంది, ముందే వేస్కోండి. స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో ప్రీపెయిడ్ కౌంటర్లుంటాయి. మీరు ఆరుగురు కాబట్టి హోటల్ వాళ్ళతో మాట్లాడుకుని పెద్ద కారు ఒకటి, మీరు తిరిగే రోజులకి మాత్రం పెట్టుకోండి, బీచ్ దగ్గరే ఉండే రోజు కారు దండగ. సొంతంగా నడుపుతా అంటే రెంట్ కార్లు, స్కూటర్లు దొరుకుతాయి కానీ నంబర్ ప్లేట్ చూడండి, నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుండాలి, అదే అద్దెకిచ్చే పర్మిట్ ఉన్న బండి. తెల్ల ప్లేట్ బండి తక్కువకిస్తా అంటారు, అది సొంత బండి, పోలీసులు ఆపితే మీకే ఇబ్బంది, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ గొడవ. హెల్మెట్ తప్పనిసరి. ఇసక మీదకి కారు తోలడం నేరం, మన వాళ్ళే రీల్స్ కోసం తోలి ఇరుక్కుంటున్నారు, చూస్తే బాధేస్తుంది.

అలాగే బీచ్‌లో కూర్చుని మందు తాగడం, సీసాలు పగలగొట్టడం, స్టవ్ పెట్టి వండుకోవడం అన్నీ నిషేధం. ఒక్కరికి 2,000, గుంపుకి 10,000 జరిమానా అని 2019లోనే చట్టం మార్చారు, 2025లో ఆ జరిమానాలు ఇంకా పెంచారు. మీ ఫ్యామిలీకి ఇది అక్కర్లేదు కానీ చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా. ఇక్కడ చవగ్గా ఉందని సీసాలు బ్యాగులో వేస్కుని మన రాష్ట్రానికి తేవొద్దు, ఎక్సైజ్ కేసులవుతాయి.

అమ్మగారి భోజనం గురించి భయం లేదు. మడ్గావ్‌లో, పణజిలో ఉడిపి హోటళ్ళున్నాయి, ఇడ్లీ దోశ భోజనం అన్నీ దొరుకుతాయి. బీచ్ పక్కన షాక్‌లలో, అంటే ఇసక మీద పాకల్లో నడిపే హోటళ్ళలో మాత్రం వెజ్ అన్నా చేపలు వేయించిన నూనెలోనే చెయ్యొచ్చు, అమ్మగారికి పట్టింపు ఉంటే అక్కడ తినిపించకండి. పొద్దున్నే ఊళ్ళో చిన్న టిఫిన్ హోటళ్ళలో భాజీ పావ్ దొరుకుతుంది, పిల్లలకి నచ్చుతుంది, అలసందలతోనో బఠాణీలతోనో చేసే కూర. కంది పొడి, ఆవకాయ, చిన్న నెయ్యి డబ్బా ఇంటినుంచి తెచ్చుకోండి. మీరు నాన్‌వెజ్ అయితే ఫిష్ థాలీ వదలొద్దు, చేపల కూర, వేయించిన ముక్క, సోల్‌కఢీ అని కొబ్బరిపాలతో చేసే పుల్లటి చారు. ఎర్ర ఉప్పుడు బియ్యం పెడతారు, ఉక్డే అంటారు, నాకు మొదట్లో గొంతు దిగలేదు, ఇప్పుడు ఇంటికెళ్తే తెల్లన్నం చప్పగా ఉంటుంది.

పెద్దవాళ్ళ కోసం ఒక రోజు ఇలా పెట్టుకోండి. పొద్దున్నే మడ్గావ్ నుంచి పోండా వైపు, కవళెం శాంతాదుర్గ గుడి, తర్వాత మంగేశి గుడి, అక్కడ్నించి ఓల్డ్ గోవా, చివరికి పణజి. దారి వరసగా వస్తుంది, వెనక్కి తిరగక్కర్లేదు. మంగేశి స్వామి అసలు గుడి సముద్రం వైపు కుశస్థలిలో ఉండేది, పోర్చుగీసు వాళ్ళు గుళ్ళు కూలగొడుతుంటే 1560లో స్వామిని రహస్యంగా నది దాటించి ఇక్కడికి తెచ్చారు, శాంతాదుర్గమ్మదీ అలాంటి కథే. కొండల మధ్య ఆ దీపస్తంభం ముందు నిలబడి ఇది చెప్తే మీ అమ్మగారు ఎంత ఆనందపడతారో చూడండి. ఓల్డ్ గోవాలో బామ్ జీసస్ బసిలికా, రోడ్డుకి అవతల సే కెథడ్రల్, 1986లో యునెస్కో జాబితాలో పెట్టినవి. బసిలికాలో ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం వెండి పేటికలో ఉంటుంది. గుడికైనా చర్చికైనా భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేస్కోవాలి, పొట్టి నిక్కర్లతో రానివ్వరు. పణజిలో ఫాంటైన్హస్ అనే పాత పోర్చుగీసు పేట వీధులు బాగుంటాయి, కానీ అవి జనం కాపురమున్న ఇళ్ళు, గుమ్మాల్లో కూర్చుని ఫోటోలు దిగితే వాళ్ళు విసుక్కుంటారు, అందులో న్యాయముంది.

బ్రాడీపేట_4వలైన్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కోల్వా లేదా బెనాలిం, ట్రైనే, ఇది ఖాయం. సూర్యలంక_గాలి గారూ, మీరు రాసింది ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించా, పాప ఆ అలలు విరగని చోటు బొమ్మ గీసి చూపించమంది, గీశాం. ఇంక రెండు డౌట్లు. దూద్‌సాగర్‌కి కింద నుంచి జీపులో వెళ్ళొచ్చంటున్నారు, నాన్నని తీసుకెళ్ళొచ్చా? నాన్నకి బీపీ తేడా చేస్తే ఎక్కడికి పోవాలి?

పణజిలో_తెనాలి:

నాన్నగారిని జీపుకి తీసుకెళ్ళొద్దు. కులెం నుంచి అడవిలో మట్టిదారి, వాగుల్లోంచి పోతుంది, ఒళ్ళు హూనమవుతుంది, జీపు దిగాక కూడా రాళ్ళ మీద నడవాలి. ట్రైన్లోంచి ఎలాగూ చూస్తారు కదా. పిల్లల్ని తీసుకుని మీరు వెళ్తే పెద్దవాళ్ళు హోటల్లో రెస్ట్ తీస్కుంటారు, పొద్దున్నే వెళ్ళాలి, జీపులకి క్యూ ఉంటుంది. ఆసుపత్రి అంటే మడ్గావ్‌లోనే సౌత్ గోవా జిల్లా ఆసుపత్రి ఉంది, పెద్దది కావాలంటే పణజి దగ్గర బాంబోలింలో గోవా మెడికల్ కాలేజీ. అంబులెన్స్ మన దగ్గర లాగే 108.

పటమట_అక్క:

బీపీ మాత్రలు రెండు చోట్ల పెట్టు తమ్ముడూ, సగం నీ బ్యాగులో సగం అమ్మ దగ్గర, డాక్టర్ చీటీ ఫోటో ఫోన్లో. నాన్నగారికి ఇసకలో నడక కష్టం, సాయంత్రం నీళ్ళు వెనక్కి పోయాక తడి ఇసక గట్టిగా ఉంటుంది, అప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించు. ఒక మడత కుర్చీ దొరికితే తీసుకెళ్ళు, బీచ్‌లో షాక్ వాళ్ళ కుర్చీల్లో కూర్చోవాలంటే ఏదో ఒకటి ఆర్డర్ ఇవ్వాల్సొస్తుంది.

రైలుబండి_బెజవాడ:

బుకింగ్ తేదీ వచ్చాక ఇక్కడ రాయండి సార్, ఆ రోజు బండి ఉందో లేదో, ఎన్ని సీట్లున్నాయో చూసి చెప్తా. వెయిటింగ్ లిస్ట్ వస్తే గుంటూరు బదులు విజయవాడ నుంచి కూడా చూడండి, కోటా వేరేగా ఉండొచ్చు, బోర్డింగ్ గుంటూరు పెట్టుకుంటే సరిపోతుంది.